కుండలో చెయ్యి

మొన్న మా చెరువు కట్ట మీదికి ఒక వ్యాను వచ్చింది. దాని నిండా ప్లాస్టిక్ సంచులు. ఒక్కో సంచిలో సగం నీళ్లు, సగం గాలి, ఆ నీళ్లలో చేప పిల్లలు. చిన్న వయసు ఆఫీసరమ్మ ఒకామె రెండు సంచులు విప్పించి బేసిన్‌లో పోయించి, ఫొటో తీసేవాడి కోసం ఎదురుచూస్తోంది. నేను ఊరికే చూద్దామని వెళ్లినవాణ్ణి. ఎప్పుడు కూర్చున్నానో ఏమో, చూసుకునేసరికి నా చెయ్యి బేసిన్‌లో ఉంది. అడుగు నుంచి పైకి, పై నుంచి అడుక్కి, మెల్లగా నీళ్లను తిప్పుతోంది.

"తాతా, చెయ్యి తియ్యి. ఆక్సిజన్ పెట్టినం, వాటికేం గాదు" అంది ఆ అమ్మాయి.

నేను తియ్యలేదు. ఎందుకు తియ్యలేదో ఆమెకు చెప్పడం మొదలుపెడితే ఫొటో వేళ దాటిపోతుంది. మీకు తొందరేమీ లేదు కదా, మీకు చెబుతాను.

పన్నెండేళ్ల వయసులో నేను తొమ్మిది కొండలు ఎక్కి, ఏడు నదులు దాటి, భుజం మీద కావడితో, గోదావరిని రెండు కుండల్లో పట్టుకొచ్చి ఈ చెరువులో పోసినవాణ్ణి. దారిలో ఎలుగుబంటి ఎదురైతే దానితో కలబడినవాణ్ణి.

సరే. ఈ మాట దగ్గరే మా మనవడు లేచి వెళ్లిపోతాడు. కొండలు మూడు. నదులు గోదావరితో కలిపి మూడే, అందులో రెండు వాగులు. కావడి మోసింది మా మేనమామ. నేను మోసింది సద్దిమూట. ఎలుగుబంటి సంగతి దాని చోటు వచ్చినప్పుడు ఒప్పుకుంటాను.

మా ఊరు కరీంనగర్ జిల్లాలో గోదావరికి ఇవతలి ఒడ్డున ఉండేది. చేపలు పట్టి బతికే ఇల్లు మాది. నాన్నను బాపు, అమ్మను అవ్వ అనేవాళ్లం. బాపు వల వేసేవాడు, అవ్వ గంప ఎత్తుకుని ఊళ్లు తిరిగేది. అమ్మమ్మ ఊరు నది అవతల, ఖానాపూర్ దాటి ఆదిలాబాద్ కొండలు ఎక్కితే ఒక పగలంతా నడక. అక్కడ నది లేదు, చెరువు ఉంది. మూడు పక్కల గుట్టలు, నాలుగో పక్క కట్ట. ఆ కట్ట అంతకు ముందటి ఏటి వానలకు తెగింది. నీళ్లతో పాటు చేపలన్నీ కిందికి కొట్టుకుపోయాయి. ఎండాకాలమంతా ఊరు ఊరంతా మట్టి మోసి కట్టను మళ్లీ నిలబెట్టింది. వానలు మొదలయ్యాక నీళ్లయితే వచ్చాయి. చేపలు రాలేదు.

నిజాం రాజ్యం పోయిందని, ఇప్పుడు అందరూ సమానమేనని పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లు. చెరువుకు మాత్రం ఆ కబురు ఇంకా అందలేదు. అందులో వల ఎవరు వెయ్యాలో దొరే చెప్పేవాడు. ముత్తాతల నాటి నుంచి వేసింది అమ్మమ్మవాళ్లే. ఆ ఏడు దొర వేరే ఊరి నుంచి తన మనిషిని దింపుతానన్నాడు. అమ్మమ్మ దొర ఉండే గడికి వెళ్లి వాకిట్లో నిలబడి, ఆ చెరువు మాది అంది.

"చేపనే లేని చెరువు మీద నీకు హక్కేందే ముసలీ?" అన్నాడట దొర.

"చేపలను మేం తెస్తం."

"గోదారి చేప గీ గుట్టలెక్కుతదా?" దొర నవ్వి, అక్కడున్నవాళ్లంతా నవ్వేదాకా ఆగి, "సరే. వచ్చే అంగడి రోజు పొద్దు గూకే లోపల రెండు కుండల పిల్లలను తెచ్చి, బతికున్నయని మా గుమాస్తాకు చూపెట్టి పొయ్యి. వల నీదే. ఒక్క కుండ సచ్చినా ఇగ చెరువు దిక్కు చూడొద్దు" అన్నాడట.

"చూడొద్దంటే కండ్లు మూసుకొని ఏస్తం దొరా, మాకు చెరువు చేతులతోనే ఎరుక" అని అమ్మమ్మ జవాబు. ఈ మాట ఆమె గడి లోపల అన్నదో, బయటికి వచ్చాక అన్నదో మామ ఒక్కోసారి ఒక్కోలా చెప్పేవాడు. నేను లోపలే అన్నదని నమ్ముతాను. నమ్మడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అంగడికి ముందు రోజు అమ్మమ్మ, మామ కొండ దిగి మా ఇంటికి వచ్చారు. ఆరుద్ర కార్తె. గోదావరికి కొత్త నీళ్లు వచ్చి, వెనక్కి తీసి, ఒడ్డు పక్క గుంటల్లో చేప పిల్లలను వదిలి వెళ్లింది. బాపు, మామ అవ్వ పాత చీరను చెరో కొస పట్టుకుని గుంటల్లో మెల్లగా ఈడ్చారు. చీర పైకి లేపితే నీళ్లన్నీ కారిపోయి నడుమ ఏదో మిలమిల మెరిసేది. బొచ్చె పిల్లలు, రవ్వ పిల్లలు. ఆవగింజంత కన్ను, దాని వెనక నీళ్ల రంగు తోక. అంతే చేప.

చేప పిల్లను మోయడం నీళ్లు మోసినట్టు కాదు. కుండ నిలబడితే నీళ్లు నిలబడతాయి, నీళ్లు నిలబడితే పిల్లలకు ఊపిరాడదు. కావడి మోసేవాడి నడకలో ఉన్న ఊపే వాటికి గాలి. అందుకని కావడి ఆగకూడదు. ఆగక తప్పకపోతే కుండలో చెయ్యి పెట్టి నీళ్లను తిప్పుతూనే ఉండాలి. ఆ చెయ్యి కూడా ఏదో ఒక చెయ్యి పనికిరాదు. పొగాకు తగిలిన చెయ్యి పెడితే పిల్లలు తేలిపోతాయని మావాళ్ల గట్టి నమ్మకం. మామ చుట్ట తాగేవాడు. అమ్మమ్మ పొగాకు నమిలేది. మిగిలింది నేను. నన్ను ముద్దు కొద్దీ తీసుకెళ్లారని చాలా ఏళ్లు అనుకున్నాను. నా రెండు చేతుల కోసం తీసుకెళ్లారు.

అవ్వ జొన్న రొట్టెలు, ఎల్లిగడ్డ కారం మూట కట్టింది. "కారం చేతులు కుండల పెడ్తవు, నువ్వు ముట్టకు" అని ఆ మూట విప్పే అధికారం అమ్మమ్మకు ఇచ్చింది. అలా ఆ దారి పొడుగునా, మీసాలు మొలవబోయే వయసులో, అమ్మమ్మ నోట్లో పెడితే తిన్నాను. ఆమె వేళ్లకు పొగాకు వాసన. రొట్టెకూ అదే వాసన. ఇప్పటికీ జొన్న రొట్టెలో ఆ వాసన లేకపోతే ఏదో తక్కువైనట్టుంటుంది.

అంగడి రోజు చీకటి విచ్చే వేళకు పుట్టిలో గోదావరి దాటాము. పుట్టి గుండ్రంగా తిరుగుతూ పోతుంటే కుండలు వాటంతటవే ఊగాయి, నాకు పని లేకుండా పోయింది. కడెం వాగులో మోకాటి లోతే ఉంది. అక్కడ కుండల్లో సగం నీళ్లు తీసి సగం కొత్త నీళ్లు పోశాము. ఒక్కసారే మొత్తం మారిస్తే పిల్లలు తట్టుకోవు. ఆ తరువాత కొండ. మొదటి వానలకు తడిసిన టేకు ఆకుల వాసన, ఎక్కడో కుళ్లిన ఇప్పకాయల వాసన, ముందు నడుస్తున్న మామ తడి గొంగడి వాసన. మామ కావడి బద్ద కిర్రు కిర్రుమంటుంటే ఆ లెక్కకు నా అడుగులు పడేవి.

రెండో కొండ మొదట్లో జంగ్లాతు వాళ్ల నాకా, అంటే అడవి శాఖ తనిఖీ గేటు ఒకటి ఉండేది. ఒక జవాను, ఒక గుడిసె, దారికి అడ్డంగా ఒక వెదురు బొంగు.

"ఏయ్, రుకో. మట్కల ఏమున్నయ్?"

"గోదారి ఉన్నది" అంది అమ్మమ్మ.

"జంగల్ లోపలికి ఏం పోవాలన్నా సాబు చూడాలె. కింద పెట్టి కూసోండ్రి. సాబు రేపు పొద్దటి జాముకు వస్తడు."

కింద పెడితే కథ అయిపోతుంది. మామ ఆగలేదు. ముందుకు పోదామంటే బొంగు ఉంది. అందుకని ఆ జవాను చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. కావడి ఊగుతోంది, మామ తిరుగుతున్నాడు, మామ వెనక అమ్మమ్మ, ఆమె వెనక సద్దిమూటతో నేను. అమ్మమ్మ నడుస్తూనే వాదన.

"అడివిల నుంచి కట్టె పోతే నువ్వు ఆపాలె నాయినా. అడివిలకు నీళ్లొస్తే ఆపాలని ఎవరు చెప్పిండ్రు?"

"ముందు నిలవడు."

"నిలవడితే సస్తయి. పాపం ఎవరికి? నీ ఇంట్ల పిల్లలున్నరా?"

"ఉన్నరు. ముగ్గురు. జర నిలవడి మాట్లాడరాదే" అంటూ అతను మాతో పాటు తనూ గుండ్రంగా తిరుగుతున్నాడు. ఎవరి ముఖం చూసి గద్దించాలో తెలియక తిరుగుతున్నాడు.

అలా వందసార్లు తిరిగామని నేను చెబుతుంటాను. పది, పన్నెండు ఉంటాయేమో. చివరికి అతను తల పట్టుకుని గుడిసె గుంజకు ఆనుకున్నాడు. "పోండ్రి. నా బుర్ర తిరుగుతుంది. నేను చూడలే, మీరు రాలే" అన్నాడు. బొంగు లేపింది నేను. అది మాత్రం నిజం. నా ఎత్తు చాలక సద్దిమూట మీద ఎక్కి లేపాను. లోపలి రొట్టెలు ఆ తరువాత పిండి పిండిగా తిన్నాము.

రెండో కొండ దిగితే వాగు. ఆ వాగుకు పేరు లేదు, ఉన్నా మాకు తెలియదు. పైన ఎక్కడో వాన పడి ఎర్రగా పొంగి పారుతోంది. ఒడ్డున మేకలు కాస్తున్న గోండు ముసలాయన మమ్మల్ని చూసి ఆగమని చెయ్యి ఎత్తాడు.

"థాంబ, థాంబ. గిప్పుడు దిగితే పోతరు. అగో, ఆడ నీళ్లల నల్ల బండ ఉన్నది. దాని తలకాయ కనవడ్డంక దాటుండ్రి."

నీళ్లు తప్ప బండ ఏదీ కనపడలేదు. పొద్దు నడినెత్తి దాటింది. ఎగువన దాటే చోటు ఏదన్నా ఉందేమో చూస్తానని మామ ఒడ్డు వెంట పోయాడు. గోండు ముసలాయన గూడెంలో జొన్న గటక పెట్టిస్తానంటే అమ్మమ్మ అతని వెంట వెళ్లింది. పోతూ నన్ను రెండు కుండల నడుమ కూర్చోబెట్టింది. కుడి చెయ్యి ఒక దాంట్లో, ఎడమ చెయ్యి ఇంకో దాంట్లో.

"బిడ్డా, చేతులు ఆపితే ఏమైతది?"

"సస్తయి."

"అవి సస్తే?"

"చెరువు పోతది."

"ఎరుకే గద" అని వెళ్లిపోయింది.

ఇప్పుడు ఎలుగుబంటి. చాలా ఏళ్లుగా నేను చెప్పేది ఏమిటంటే, అప్పుడు పొదల్లోంచి దున్నపోతంత ఎలుగుబంటి వచ్చింది, ఒక చెయ్యి కుండలోంచి తియ్యకుండానే రెండో చేత్తో దాన్ని రాళ్లు విసిరి తరిమాను. ఆ పెనుగులాటలో ఒక కుండ కాసేపు ఆగింది. ఈ కథ చెప్పి మా ఆవిడను పెళ్లికి ముందు బెదరగొట్టాను. పిల్లలను నిద్రపుచ్చాను. ఒకసారి పంచాయితీలో కూడా చెప్పాను.

ఎలుగుబంటి లేదు. నేరేడు చెట్టు ఉంది.

నన్ను కూర్చోబెట్టింది దాని కిందే. పండ్లు రాలుతున్నాయి. ఒకటి నా మోకాలి పక్కనే పడింది. పొద్దుటి నుంచి పొగాకు వాసన రొట్టె పిండి తప్ప ఏమీ తినలేదు. కుడి చెయ్యి ఒక్క క్షణం బయటికి వచ్చి, పండు నోట్లో వేసి, మళ్లీ లోపలికి పోయింది. ఇంకోటి పడింది. ఇంకోటి కొంచెం దూరంగా పడింది. ఎడమ చెయ్యి తన పని తాను చేస్తూనే ఉంది, దాన్ని నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. కుడి చెయ్యి లోపలికి పోవడం ఎప్పుడు మానేసిందో నాకు తెలియదు. గింజలు లెక్కపెట్టుకుంటున్నాను, ఎక్కువ దూరం ఉమ్మగలనా అని చూస్తున్నాను. ఒక్కసారి కుడి పక్క కుండలోకి చూశాను.

నీళ్లు తెల్లగా ఉన్నాయి. తెల్లవి వాటి పొట్టలు.

చెయ్యి పెట్టి గిరగిరా తిప్పాను. గంగమ్మకు మొక్కాను. ఏదీ తిరగబడి ఈదలేదు. అప్పుడు ఏడ్చానని చెబితే బాగుంటుంది, కానీ ఏడవడానికి తీరిక లేదు. చచ్చిన పిల్లలను వాగులో పారబోశాను. ఎడమ కుండను కాలితో ఊపుతూ, భుజం మీది తువ్వాలు తీసి వాగు పక్క గుంటలో ముంచాను. పరకలు పడ్డాయి. ఎంత తిన్నా, ఎన్నేళ్లు బతికినా మనిషి వేలును దాటి పెరగని చేపలు అవి. గోరంతవి మాత్రం ఏరి కుండ నింపి, తడి బట్ట కప్పి, చేతులు రెండూ యథాస్థానంలో పెట్టుకుని, దేవుడి ముందు కూర్చున్నట్టు కూర్చున్నాను.

అమ్మమ్మ ఆకు దొప్పలో గటక పట్టుకుని వచ్చింది. ఎడమ కుండ బట్ట తీసి చూసింది. కుడి కుండ బట్ట తీసి చూసింది. కొంచెం ఎక్కువసేపే చూసింది. తరువాత నా ముఖం చూసింది.

"నేరేళ్లు తిన్నవా?"

"లే."

"నాలుక చూపియ్."

చూపించాను.

"ఎలుగుబంటొచ్చింది అమ్మమ్మా."

"అది గూడ తిన్నదా?"

ఆమె కుండ మీద బట్ట మళ్లీ కప్పి, అంచులు సరిచేసి, వాగు వైపు తిరిగింది. నల్ల బండ తల బయటికి వచ్చింది. "లే, మామను పిలువు. పొద్దు పోతుంది" అంది. గటక నాకు పెట్టలేదు. తనే తినేసింది.

మూడో కొండ ఎక్కి చెరువు కట్ట మీదికి వచ్చేసరికి పొద్దు గుట్ట అంచును తాకుతోంది. గుమాస్తా కట్ట మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. అంగడి నుంచి ఇళ్లకు పోయే జనమంతా అక్కడే ఆగారు. ఎడమ కుండలోకి తొంగి చూశాడు, తల ఊపాడు. కుడి కుండలోకి చూసి కళ్లు చిన్నవి చేశాడు. చెరువు పోతే అమ్మమ్మ, మామ ఎక్కడికి పోతారన్నది ఆ దారంతటిలో నాకు అప్పుడే తట్టింది.

"గివి పరకల లెక్క ఉన్నయ్ గదనే."

"చిన్నప్పుడు అన్నీ పరకల లెక్కనే ఉంటయి అయ్యా" అంది అమ్మమ్మ. "నువ్వు పుట్టినప్పుడు గుమాస్తా లెక్క ఉన్నవా? మీ మంత్రసానిని అడుగు."

జనం నవ్వారు. గుమాస్తా నవ్వలేదు. "ఒట్టు పెట్టు" అన్నాడు.

అమ్మమ్మ కుండలోంచి దోసెడు నీళ్లు తీసింది. అందులో నా పరకలు రెండు గిలగిలమంటున్నాయి. "గంగమ్మ సాక్షి. గీ రెండు కుండల ఉన్నయన్నీ పాణంతోని ఉన్నయి. కాదన్నోని ఇంట్ల నీళ్లు ఇంకిపోవాలె" అంది. అని, అతను ఇంకో ప్రశ్న ఆలోచించే లోపల రెండు కుండలూ చెరువులో వంచేసింది.

ఆమె అబద్ధం ఆడలేదు. ఆ మాటలను ఇన్నేళ్లుగా తిప్పి తిప్పి చూశాను, ఎక్కడా అబద్ధం లేదు. గోదావరి అనలేదు. బొచ్చె అనలేదు. పాణం అంది. దొర అడిగిందీ అదే.

వల మాదైంది. మరుసటి ఎండాకాలం తొలి వల వేసినప్పుడు నేనూ ఉన్నాను. ఎడమ చేతి చేపలు మూరెడు మూరెడు పెరిగి వచ్చాయి. కానీ పెద్ద చేపకు పాళ్లుంటాయి. గడికి ఇన్ని, పటేల్‌కు ఇన్ని, పట్వారీకి ఇన్ని. అన్నీ పోగా ఊరివాళ్లకు తల, తోక మిగిలేవి. వేలెడు చేపకు మాత్రం పాలు లేదు. అది పట్టినవాళ్లది. అలాంటి చేపను తెమ్మనడం గడికి నామోషీ. ఆ ఏడు వేలెడు చేప చెరువు అంచు అంచునా కుతకుతలాడింది. ఆడవాళ్లు కొంగులతో, పిల్లలు గంపలతో, గూడేల నుంచి గోండులు బుట్టలతో దిగారు. పొద్దున పట్టి పగలంతా బండల మీద ఎండబెట్టారు. వానాకాలం పని దొరకని రోజుల్లో ఆ ఎండు పరకలు, చింతపండు, ఎల్లిగడ్డ వేసి ప్రతి పొయ్యి మీదా ఉడికాయి.

వాసనకు గడిలో అన్నం సయించడం లేదని, చేపలు ఎత్తెయ్యమని గుమాస్తా వచ్చాడు. అమ్మమ్మ గంప ఎత్తుకుని గడికి గాలి వీచే వైపు బండ మీద మరో వరస పరిచింది.

"గాలిని ఆపుమను దొరను" అంది.

ఊరందరి కడుపూ నా కుడి చెయ్యి నింపింది అని నేను చెప్పుకుంటాను. మామ ఒకసారి విని, "ఒరే, చెరువులకు వచ్చే వాగుల పరకలు లేవా? నువ్వు పొయ్యకున్నా అవి వచ్చేటియే" అన్నాడు. నిజమే కావచ్చు. అందులో నావి ఎన్నో, వాగువి ఎన్నో ఆ చేపలకే తెలియదు. అయినా నా మాట నేను మార్చుకోను. పన్నెండేళ్ల పిల్లవాడు ఆకలికి చేసిన తప్పుకు క్షమాపణ అడగను, ఆ తప్పు పెట్టిన కూడుకు గొప్ప చెప్పుకోవడం మానను.

దొర పోయాడు, గడి గోడలు కూలి నేరేడు మొక్కలు మొలిచాయి. మామ కూతురిని చేసుకుని నేను ఈ ఊళ్లోనే ఉండిపోయాను. చెరువు ఉంది. వల ఇప్పటికీ మాదే.

ఒక్క సంగతి మిగిలింది. ఆ మరుసటి ఏడు మళ్లీ ఆరుద్ర కార్తె వచ్చింది. మళ్లీ గోదావరి గుంటలు, అవ్వ చీర, రెండు కుండలు. ఈసారి నన్ను తీసుకుపోరనుకుని ఇంటి వెనక దాక్కున్నాను. అమ్మమ్మ వెతుక్కుంటూ వచ్చింది. ఆమె చేతిలో మోదుగాకు దొన్నె, దాని నిండా నేరేడు పండ్లు. కొండ మీది నుంచి ఒక పగలంతా, ఒక్కటీ నలగకుండా మోసుకొచ్చింది.

"ముందుగాల కడుపు నిండ తిను. తిన్నంక చేతులు కడుక్కొని రా" అంది. అంతకు మించి ఆ సంగతి ఆమె నాతో ఎన్నడూ ఎత్తలేదు.

మొన్న ఫొటో తీసేవాడు వచ్చేదాకా అంతసేపూ నా చెయ్యి బేసిన్‌లోనే ఉంది. కుడి చెయ్యి. ఆఫీసరమ్మ ఇంకోసారి చెప్పి చూసింది.

"నీ గాలి నువ్వు పెట్టినవు బిడ్డా, మంచిదే" అన్నాను. "నా చెయ్యి మాత్రం ఆగది."